ఉక్కు నగరానికి తెడ్డు కావాలి

*భిలాయ్ చుట్టూ చెరువులున్నాయి, జలాశయాలున్నాయి, పక్కనే శివనాథ్ నది ఉంది. ఎండలు ముదరక ముందు ఆ నీళ్లు అద్దంలా నిలకడగా ఉంటాయి. కయాకింగ్, కెనూయింగ్‌లకు ఇంతకంటే మంచి బడి దొరకదు. ఆ బడి తలుపు తెరిచేదెవరు?*

2023 ఏప్రిల్ నెల. తెల్లవారుజాము. దుర్గ్ జిల్లా పురయి గ్రామంలోని డోంగియా చెరువు గట్టు మీద జనం గుమిగూడారు. ఇంకా వెలుగు పూర్తిగా రాలేదు. 15 ఏళ్ల అమ్మాయి నీళ్లలోకి దిగింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మళ్లీ వెనక్కి. పొద్దు పొడిచింది. ఎండ ఎక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో గట్టు మీద నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మాయి చేతులు మాత్రం ఆగలేదు. ఏకబిగిన 8 గంటలు ఈది, మధ్యాహ్నానికి గట్టెక్కింది. గోల్డెన్ బుక్ ఆఫ్ వరల్డ్ రికార్డ్స్ ఆ ఈతను నమోదు చేసుకుంది.

పురయిలో నీలిరంగు పలకలు పరిచిన ఈతకొలను లేదు. ఉన్నది ఊరి చెరువు. అందులోనే పిల్లలు ఈత నేర్చారు. వాళ్లలో డజను మందిని భారత క్రీడా ప్రాధికార సంస్థ ఎంచుకుని గుజరాత్‌లోని గాంధీనగర్ శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లింది. చుట్టుపక్కల వాళ్లు పురయిని 'ఖేల్ గావ్' అంటారు. ఆటల ఊరు అని.

ఆ ఊరికి దగ్గర్లోనే భిలాయ్. దేశానికి రైలు పట్టాలు తయారుచేసి ఇచ్చే ఉక్కు పట్టణం. అక్కడ పడవ అనగానే ఏ కుటుంబానికైనా గుర్తొచ్చేది మైత్రీబాగ్ జూ. తెల్లపులిని చూసి, ఐస్‌క్రీం తిని, కొలనులో కాసేపు పడవెక్కి ఇంటికి రావడం మూడు తరాల ఆదివారం అలవాటు. 2025 ఆగస్టులో శ్రీనగర్ దాల్ సరస్సులో ఖేలో ఇండియా జలక్రీడల ఉత్సవం జరిగింది. కయాకింగ్, కెనూయింగ్, రోయింగ్ పోటీలు టీవీలో చూసిన పిల్లలకు సహజంగానే ఓ ప్రశ్న పుడుతుంది. 'మన ఊళ్లో ఇన్ని నీళ్లున్నాయి కదా, మనమెందుకు తెడ్డు వేయకూడదు?'

జవాబు చెప్పాల్సింది పెద్దలే.

ఇనుము కోసం వచ్చిన నీరు

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. భిలాయ్ కథ చెప్పేవాళ్లంతా ఈ నిప్పు దగ్గరే మొదలుపెడతారు. ఆ నిప్పును అదుపులో ఉంచిన నీటి కథ మాత్రం చాలామందికి తెలియదు.

బ్లాస్ట్ ఫర్నేస్ గోడల్లో నిరంతరం నీరు తిరగాలి. లేకపోతే లోపలి వేడికి గోడలే కరిగిపోతాయి. పట్టాలు సాగదీసే మిల్లుకు నీరు కావాలి, వాయువులు శుభ్రం చేయడానికి కావాలి, విద్యుత్తుకు కావాలి. వీటికి తోడు వేల క్వార్టర్లలోని కుళాయిలు. అందుకే ఇక్కడ కర్మాగారంతో పాటు నీటి వ్యవస్థ కూడా పెరిగింది. బ్రిటిష్ హయాంలో సాగు కోసం కట్టిన తాండులా జలాశయానికి 1950ల్లో గోండ్లీ తోడైంది, 1967లో ఖర్ఖరా తోడైంది. ఆ తర్వాత మహానది మీద 14 గేట్ల గంగ్రేల్ ఆనకట్ట వచ్చింది. కాలువల వెంట వచ్చిన నీరు పట్టణం అంచున మరోదా జలాశయాల్లో చేరుతుంది.

అలా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉక్కు నగరం నీళ్ల నగరం కూడా అయింది. మరోదా వైపు వెళ్తే చలికాలంలో నీటి మీద పక్షులు, నీటిలో పొగగొట్టాల నీడలు కలిసి కనిపిస్తాయి. మైత్రీబాగ్ కూడా ఆ పక్కనే ఉంది. భారత్, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో దాన్ని ఏర్పాటు చేశారు. పేరులోని మైత్రి ఆ స్నేహమే.

దుర్గ్ జిల్లా చెరువులు కర్మాగారం కంటే ఎంతో పాతవి. ధమ్‌ధా పట్టణం గురించి ఛత్తీస్‌గఢీలో 'ఛై ఆగర్ ఛై కోరి' అని చెప్పుకుంటారు. కోరి అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఇంకో ఆరు. మొత్తం 126 చెరువులు! అన్నీ ఇప్పుడు మిగల్లేదు. ఉన్నవాటిని బాగు చేసుకోవాలని స్థానికులు పాటుపడుతున్నారు.

ఫాల్గుణమే ఎందుకు?

చలిదేశాల్లో మంచు కరిగి నదులు పొంగే కాలం వసంతం. అక్కడి పడవలవాళ్లకు అది హోరుమనే నీళ్ల పండగ. ఛత్తీస్‌గఢ్ మైదానంలో లెక్క వేరు. శివనాథ్ వాన మీద బతికే నది. సుమారు 290 కిలోమీటర్లు ప్రవహించి మహానదిలో కలుస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీటితో ఒడ్డులు కోస్తూ వస్తుంది. అప్పుడు చేయితిరిగిన పడవవాడు కూడా ఆలోచించి దిగుతాడు. పుష్యంలో పొద్దున్నే పొగమంచు. వైశాఖం వచ్చేసరికి 42, 43 డిగ్రీల ఎండ, వడగాలి. చాలాచోట్ల నది మడుగులుగా విడిపోతుంది.

మధ్యలో మిగిలేది ఫాల్గుణం, చైత్రం. మోదుగ పూసే రోజులు. నీరు తేటపడి ఉంటుంది, ప్రవాహం నెమ్మదిస్తుంది. ఆనకట్టల వెనక నది చెరువులా నిలుస్తుంది. ఉదయం 6 నుంచి 8 దాకా గాలి ఉండదు. కొత్తగా తెడ్డు పట్టినవాళ్లకు కావాల్సింది సరిగ్గా అలాంటి నీళ్లే. బోర్లా పడినా నవ్వుకుంటూ లేవగలిగే నీళ్లు, కొట్టుకుపోయే భయం లేని నీళ్లు.

ఈ గడువు పెద్దది కాదు. ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ తొలి రోజుల దాకా ఆరేడు వారాలు. ఆ తర్వాత ఎండ. ఇంకో చిక్కు పరీక్షలు. బడిపిల్లలకు సరిగ్గా ఇవే చదువు ఒత్తిడి రోజులు. వారానికి రెండు ఉదయాలు గంట చొప్పున నీళ్ల మీద గడిపితే చదువు చెడుతుందా, మనసు తేలికపడుతుందా అన్నది ప్రతి ఇంట్లో ఆలోచించుకోవాల్సిన విషయం.

> కయాక్ ఏది, కెనూ ఏది?
>
> రెండూ సన్నని పడవలే. తేడా కూర్చునే తీరులో, తెడ్డులో ఉంటుంది.
>
> కయాక్: కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు. తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. కుడి, ఎడమ మార్చి మార్చి వేస్తారు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం సీల్ చర్మంతో చేసుకున్న వేట పడవ దీనికి మూలం.
>
> కెనూ: పోటీల్లో ఒక మోకాలి మీద నిలబడి వేస్తారు. తెడ్డుకు ఒకే రెక్క. ఉత్తర అమెరికా ఆదివాసుల బెరడు పడవలకు ఇది వారసురాలు.
>
> పోటీల్లో 'కె' అంటే కయాక్, 'సి' అంటే కెనూ. పక్కనున్న అంకె మనుషుల సంఖ్య. కె1 అంటే ఒక్కరు నడిపే కయాక్. పోటీ కె1 పొడవు 5.2 మీటర్లు మించకూడదు, బరువు 12 కిలోలకు తగ్గకూడదు. ఒలింపిక్స్‌లో 1936 బెర్లిన్ నుంచి ఈ క్రీడకు పతకాలు ఇస్తున్నారు.
>
> నేర్చుకునేవాళ్లకు పోటీ పడవ పనికిరాదు, ఊపిరి పీలిస్తే ఒరిగిపోతుంది. అడుగు వెడల్పుగా ఉండే ప్లాస్టిక్ కయాక్‌తో మొదలుపెట్టాలి.

చెరువు నుంచి పతకం దాకా

గ్వాలియర్ అమ్మాయి ప్రాచీ యాదవ్‌కు నడుము కింది భాగం పనిచేయదు. చిన్నప్పుడు ఈతలో చేరింది. ఆమె పొడవాటి చేతులు చూసిన కోచ్ పడవెక్కమని సలహా ఇచ్చారు. భోపాల్ చెరువులో తెడ్డు పట్టింది. టోక్యో పారాలింపిక్స్‌కు వెళ్లి, పారా కెనూలో ఆ స్థాయికి చేరిన తొలి భారతీయురాలిగా నిలిచింది. ఫైనల్ దాకా వెళ్లింది. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో ఒక స్వర్ణం, ఒక రజతం గెలిచింది.

ఈ కథలో భిలాయ్‌కి పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఈత వచ్చిన పిల్లలకు పడవ తర్వాతి మెట్టు. పురయి లాంటి ఊళ్లలో మొదటి మెట్టు ఎక్కినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. రెండోది ఇంకా ముఖ్యం. కయాక్‌లో కూర్చున్నాక కాళ్ల బలం లేనివాళ్లు కూడా నడుము పైభాగంతో, చేతులతో పడవను ముందుకు పంపగలరు. చక్రాల కుర్చీలో ఒకరు తోస్తే కదిలే మనిషి, నీళ్ల మీద తన దారి తానే ఎంచుకుంటుంది. ఆ స్వేచ్ఛ విలువ ఆ మనిషికీ, ఆమె తల్లికీ తెలుస్తుంది.

మధ్యప్రదేశ్‌లోనే భిండ్ అనే చిన్న పట్టణం ఉంది. చంబల్ లోయ పేరు చెబితే బందిపోట్లు గుర్తొచ్చే రోజుల్లో ఆ పేరు పత్రికల్లో వేరే కారణాలతో కనిపించేది. ఇప్పుడు అక్కడి గౌరీ సరోవర్ కయాకింగ్ క్రీడాకారులను తయారుచేస్తోంది. అంతర్జాతీయ పారా కెనూ పోటీల్లో పతకాలు తెచ్చిన పూజా ఓఝా ఆ పట్టణం బిడ్డే. గౌరీ సరోవర్ ఊరి నడుమ చెరువు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయేదాకా భిలాయ్, భిండ్ ఒకే రాష్ట్రంలో ఉండేవి.

దేశం మొత్తం మీద చూస్తే ఈ ఆటలో మన ప్రయాణం ఇంకా తొలి దశలోనే ఉంది. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో సిజి సదానందన్, జానీ రొమ్మెల్ జోడీ కెనూ 1000 మీటర్లలో కాంస్యం తెచ్చింది. రెండో పతకం కోసం 29 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 3న హాంగ్జౌలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలామ్ అదే పోటీలో, అదే కాంస్యం గెలిచారు.

సముద్రం లేదు కదా అనుకునేవాళ్లు హంగరీని చూడాలి. నాలుగు వైపులా నేలే ఉన్న దేశం, ఈ క్రీడలో ప్రపంచ అగ్రశ్రేణిలో ఉంటుంది. భిలాయ్‌కి ఉక్కు విద్య నేర్పిన సోవియట్ దేశంలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో కయాక్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన వ్లాదిమిర్ పర్ఫెనోవిచ్ సముద్రమే లేని బెలారస్‌లోని మిన్స్క్ వాడు.

నీళ్లు ఎవరివి?

నీళ్లు కనిపించగానే పడవ దించేస్తే కుదరదు. ప్రతి చెరువుకూ హక్కుదారులున్నారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 'నిస్తారీ' అనే మాట ఉంది. స్నానాలకు, బట్టలకు, పశువులకు ఊరంతా వాడుకునే నీరు అని అర్థం. ఎండాకాలంలో జలాశయాల నుంచి కాలువల ద్వారా వదిలిన నీటితో ఊరి చెరువులు నింపేది ఈ అవసరం కోసమే. చెరువులో చేపలు పెంచేవాళ్లున్నారు. సింఘాడా కాయలు పండించేవాళ్లున్నారు. కేవట్, ఢీమర్, నిషాద్ కులాలవాళ్లు తరాలుగా వల, డోంగా నమ్ముకుని బతుకుతున్నారు. డోంగా అంటే వాళ్ల చిన్న పడవ.

నీటి మీద హక్కు ఎంత సున్నితమైనదో శివనాథ్ ఒడ్డున ఉన్నవాళ్లు మరిచిపోలేరు. 1998లో దుర్గ్ దగ్గర బోరాయి పారిశ్రామిక ప్రాంతానికి నీళ్లిచ్చే పేరుతో సుమారు 23 కిలోమీటర్ల నదిని 22 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. తాత ముత్తాతల నాటి నుంచి చేపలు పట్టిన రేవుల్లో దిగొద్దన్నారు. పల్లెలు ఎదురుతిరిగాయి. నదిని అమ్మేస్తారా అన్న ప్రశ్న దేశమంతా వినిపించింది. పడవ ఆటల పేరుతో ఇంకోసారి కంచెలు వేస్తే ఆ గాయం మళ్లీ రేగుతుంది.

కయాక్‌లో ఒక మంచి గుణముంది. దానికి ఇంజిను లేదు, నూనె చుక్క కారదు, చప్పుడు చేయదు, మోకాలి లోతు నీళ్లుంటే చాలు కదులుతుంది. పొద్దున్న రెండు గంటలు తిరిగి గట్టెక్కితే వలవాడికీ, చాకిరేవుకూ అడ్డు రాదు. ఇంకా మంచిది, ఆ వలవాళ్ల పిల్లలకే మొదటి తెడ్డు ఇవ్వడం. నీటి మడుగుల లోతు, బురద, గాలి మలుపు వాళ్లకు తెలిసినంతగా ఏ శిక్షకుడికీ తెలియదు. వికారాబాద్ జిల్లా కోటపల్లి జలాశయంలో కయాక్‌లు నడుపుతున్నది చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లే. హైదరాబాద్ నుంచి వారాంతాల్లో వచ్చే జనం వల్ల వాళ్లకు ఊళ్లోనే పని దొరికింది.

మరోదా లాంటి కర్మాగారం జలాశయాల్లో మాత్రం అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. అవి పట్టణం గొంతు తడిపే నీళ్లు. మరోదా-1 మీద ఇప్పుడు 15 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్తు పలకలకూ చోటిచ్చారు. నీటి పైభాగానికి కూడా గిరాకీ పెరుగుతున్న కాలమిది. అందుకే ఆడుకునే పిల్లల వాటా ముందే అడిగి ఉంచుకోవాలి.

దోనె తెలిసిన ఇళ్లు

భిలాయ్ సెక్టార్లలో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, సెక్టార్-5లో బాలాజీ గుడి కట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ మొదలయ్యాక సొంతూరు ఇంకా దగ్గరైంది. అయినా మూడో తరం పిల్లలకు నీళ్లంటే ఏడాదికోసారి చూసే విశాఖ బీచే. నాగావళి, వంశధార పేర్లు తాతల మాటల్లోనే వినిపిస్తాయి.

ఆ తాతల భాషలో పడవకు ఎన్ని పేర్లో! నావ, దోనె, తెప్ప, పుట్టి, సంగడి. కొల్లేటి లంకల్లో తాటి మొద్దును తొలిచి చేసిన దోనె మీద ఒక్క మనిషి కూర్చుని పొరుగూరికి పోయేవాడు. బాగా చూస్తే అదీ కెనూయే. పేరు మారింది, చెక్క పోయి ప్లాస్టిక్ వచ్చింది, అంతే. పండగల్లోనూ పడవుంది. తిరుమల పుష్కరిణిలో ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది. ఫాల్గుణంలో దేవుణ్ని నీళ్ల మీద ఊరేగించే జాతికి, పిల్లల్ని నీళ్ల మీదికి పంపడం కొత్త సంగతేమీ కాదు.

ముందు ఈత, తర్వాత పడవ

ఉత్సాహంగా చెప్పుకునే ఈ మాటల మధ్య రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. 2019 సెప్టెంబరు 15, గోదావరిలో కచ్చులూరు. పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు వరద నీటిలో మునిగి సుమారు 50 మంది చనిపోయారు. నది అడుగుకు చేరిన ఆ బోటును నెల దాటాక పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. రెండో తేదీ 2024 జనవరి 18, వడోదర హర్ణీ సరస్సు. బడి విహారయాత్రలో పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పరిమితికి మించి ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు.

హర్ణీ ఊరి నడుమ ఉన్న చెరువు. నిలకడ నీళ్లు. అయినా అంత ఘోరం జరిగింది. ప్రమాదం నీళ్లలో కంటే నిర్లక్ష్యంలోనే ఎక్కువగా ఉంటుందని ఆ తల్లిదండ్రుల శోకం చెబుతోంది. కయాక్ నేర్పేవాళ్లు మొదటి రోజు తెడ్డు చేతికివ్వరు. పడవను కావాలనే బోర్లా తిప్పి, బయటికి ఎలా రావాలో, పడవను పట్టుకుని ఎలా తేలాలో నేర్పుతారు. భయం నీళ్లలోనే పోతుంది. తెడ్డు పాఠం ఆ తర్వాత. చేతులతో లాగితే పది నిమిషాల్లో అలసట. నడుము తిప్పి, వీపు బలంతో లాగాలి. ఆ కిటుకు ఒంటబట్టాక పడవ చప్పుడు లేకుండా జారుతుంది.

> దిగే ముందు ఇవి తప్పవు
>
> • 50 మీటర్లయినా ఆగకుండా ఈదగలగాలి.
>
> • ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. ఈత వచ్చినా సరే.
>
> • ఒంటరిగా వెళ్లకూడదు. గట్టు మీద తాడు, తేలే ట్యూబుతో ఒకరు కాపలా ఉండాలి.
>
> • ఆనకట్ట గేట్లకు, నీరు పొర్లే గోడలకు దూరంగా ఉండాలి. పైకి నెమ్మదిగా కనిపించినా కింద సుడి లాగేస్తుంది.
>
> • మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలివాన, పిడుగులు వస్తాయి. మబ్బు కమ్మితే వెంటనే గట్టెక్కాలి.
>
> • గుర్రపుడెక్క, వలలు ఉన్న వైపు పోకూడదు.
>
> • తలకు టోపీ, తాగడానికి నీళ్లు తీసుకెళ్లాలి. ఉదయం 8 దాటితే ఎండ దెబ్బ.

ఫాల్గుణానికి ఒక్క చెరువు

ఖర్చు గురించి భయపడాల్సింది లేదు. అంతర్జాతీయ పోటీకి 9 వరుసల నీటి మైదానం కావాలి గానీ, నేర్చుకోవడానికి నడుము లోతు నీళ్లున్న ఓ శుభ్రమైన చెరువు చాలు. పది ప్లాస్టిక్ కయాక్‌లు, ఇరవై లైఫ్ జాకెట్లు, శిక్షణ పొందిన ఇద్దరు కాపలాదారులు, ఒక కోచ్. క్రికెట్‌కు, హాకీకి, ఫుట్‌బాల్‌కు మైదానాలు కట్టిన పట్టణానికి ఇది పెద్ద భారం కాదు.

ఉక్కు కర్మాగారం క్రీడా విభాగం, భిలాయ్, రిసాలి నగర పాలక సంస్థలు, మత్స్యకార సహకార సంఘాలు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్క చెరువును ఎంచుకుని, ఫాల్గుణ చైత్రాల్లో ఉదయం రెండు గంటలు పిల్లలకు కేటాయించాలి. కాళ్లు కదపలేని పిల్లలకు మొదటి వరుసలో చోటివ్వాలి. పురయి ఈతగాళ్లను పిలిచి ఈత నేర్పించమనాలి. చెరువు మీద రోజూ పిల్లలు తిరుగుతుంటే అందులో చెత్త వేసేవాడి చెయ్యి కూడా కాస్త తటపటాయిస్తుంది.

తల్లిదండ్రులు చేయాల్సిన పని ఇంకా తేలిక. ఈ వేసవి సెలవుల్లో పిల్లలకు ఈత నేర్పించండి. వచ్చే ఫాల్గుణానికి వాళ్లే తెడ్డు అడుగుతారు.